చెవిలోని హోరు, చెవిని పడు మాట

గౌతమీ గోదావరి యొడ్డున, ఆత్రేయపురము మండలములో వాడపల్లి గ్రామము కలదు. వేంకటేశ్వరస్వామి వెలసిన యీ క్షేత్రమునకు ప్రతి శనివారమును వేలాది యాత్రికులు వచ్చుచుందురు. వరుసగా ఏడు శనివారములు వచ్చి, వచ్చిన ప్రతిసారియు ఏడు ప్రదక్షిణములు చేసినచో కోరికలు నెరవేరునని జనుల విశ్వాసము. ఇట్లు మ్రొక్కుకొనువారిలో పెండ్లి కొరకును, సంతానము కొరకును, ఉద్యోగము కొరకును వచ్చువారితోపాటు జబ్బు నయము కావలెనని వచ్చువారును ఉందురు. ఆ జబ్బులలో కొన్ని పైకి కనబడవు; పదిమందితో చెప్పుకొనుటకు రోగి జంకును. చెవిలో ఎడతెగని హోరు అట్టిది. ఎదుట మనిషి లేకున్నను మాటలు వినబడుట మరియొకటి.

ఈ రెంటిని గూర్చియు మన పల్లెలలో ఒకే విధముగా చెప్పుకొందురు: “చెవిలో ఏదో వినపడుతోందట.” మాట ఒకటియే గాని, జబ్బులు వేరు. ఒకటి చాలవరకు చెవికి సంబంధించినది. రెండవది మనస్సుకు సంబంధించినది. ఒకదానికి చేయు వైద్యము మరియొకదానికి పనికిరాదు. అందువలన ఈ భేదమును తెలిసికొనుట అందరికిని మేలు. ముఖ్యముగా ఒకసారి మతి చలించి, వైద్యముచే కోలుకొని, ఇల్లు చేరినవారికిని, వారి తల్లిదండ్రులకును, భార్యాభర్తలకును ఇది మిక్కిలి అవసరము. ఏలయన, అట్టి వాని చెవిలో చిన్న కూత వినబడినను, “పాత జబ్బు మరల వచ్చినదా?” అను భయము ఇంటిల్లిపాదిని పట్టుకొనును. ఆ భయములో రెండు విధముల పొరపాట్లు జరుగుటకు వీలున్నది. చెవి జబ్బును మతి జబ్బుగా తలచి చెవికి వైద్యము చేయించకపోవుట మొదటిది. మతి జబ్బు తిరుగబెట్టుచుండగా “చెవిలో గులిమి చేరినది కాబోలు” అని కాలయాపన చేయుట రెండవది. ఈ రెండు పొరపాట్లును జరుగకుండుటకు తోడ్పడు విషయములను ఇక్కడ వివరించెదము.

హోరు ఎట్లు పుట్టును?

చెవిలో హోరును మన పూర్వులెరుగుదురు. సుశ్రుత సంహితయందు చెప్పబడిన 28 కర్ణరోగములలో కర్ణనాదము ఒకటి. నేటి వైద్యులు దీనిని టిన్నిటస్ అందురు. బయట ఏ ధ్వనియు లేకున్నను చెవిలోగాని తలలోగాని ధ్వని వినబడుటయే దీని లక్షణము. అది కొందరికి ఈల వలెను, కొందరికి కీచురాయి కూత వలెను, కొందరికి గాలి హోరు వలెను, మరికొందరికి దూరమున మోటారు ఆడుచున్నట్లును ఉండును. పెద్దవారిలో నూటికి సుమారు 10 నుండి 15 మందికి ఇది ఏదో యొక కాలమున ఉండునని అంచనా. అందులో కొద్దిమందికి మాత్రమే అది నిద్రను, పనిని చెరచునంతటి బాధ యగును.

ఇది పుట్టు విధమును తెలిసికొందము. బయటి ధ్వని చెవిగూబలోని పొరను తాకి, మూడు చిన్న యెముకలను కదిలించి, నత్తగుల్లవలె చుట్టుకొనియున్న లోపలి చెవిని చేరును. అచ్చట ప్రతి చెవిలోను సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణములు కలవు. అవి కదలికను విద్యుత్ సంకేతముగా మార్చి, నరము ద్వారా మెదడునకు పంపును. పెద్ద చప్పుళ్ళచేతను, వయస్సుచేతను, కొన్ని మందులచేతను ఈ కణములు చెడును. మనిషికి ఒకసారి చెడిన రోమకణములు మరల మొలవవు. అప్పుడు మెదడునకు రావలసిన సంకేతములు తగ్గును. తగ్గిన దానిని పూరించుటకై మెదడు తన వినికిడి శక్తిని హెచ్చించుకొనును. రేడియోలో స్టేషను అందనప్పుడు, శబ్దము పెంచు మరను త్రిప్పినకొలది ‘స్స్’ అను ధ్వని హెచ్చగును గదా! చెవిలోని హోరు చాలవరకు అట్టిదే. అది ఎవరి మాటయు కాదు. ఏ సందేశమును మోసికొని రాదు.

నిశ్శబ్దములో ఏదో యొక ధ్వని వినబడుట ఆరోగ్యవంతులకును సహజమే. 1953లో అమెరికాయందు హెల్లర్, బెర్గ్‌మన్ అను ఇరువురు పరిశోధకులు 80 మంది ఆరోగ్యవంతులను ఒక్కొక్కరినే చప్పుడు చొరని గదిలో కూర్చుండబెట్టి, వినబడిన దానిని చెప్పుమనిరి. నూటికి 94 మంది ఏదో యొక ధ్వని వినబడినదనియే చెప్పిరి. కావున రాత్రివేళ గోదావరి గట్టున అలికిడి అణగిన పిదప చెవిలో సన్నని కూత వినబడినంతమాత్రమున హడలిపోవలసిన పనిలేదు.

హోరునకు కారణములు పెక్కు కలవు. గులిమి గట్టిపడి చెవిని పూడ్చుట, చెవి చీము, రక్తహీనత, రక్తపు పోటు, తలకు దెబ్బ, దవడ కీలు నొప్పి వానిలో కొన్ని. మలేరియాకు వాడు క్వినైను, క్షయకు వాడు స్ట్రెప్టోమైసిన్, జెంటమైసిన్ సూదిమందు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ కూడ హోరును కలిగింపగలవు. అన్నింటికంటె పెద్ద కారణము పెద్ద చప్పుడు. ధాన్యపు మిల్లులోను, కొబ్బరి పీచు యంత్రముల కడను, వరికోత యంత్రముపైనను ఏండ్ల తరబడి పనిచేయువారు, సంక్రాంతి ప్రభల తీర్థములలో బాణసంచా ప్రక్కనే నిలుచువారు, ఊరేగింపులలో పెద్ద సౌండు బాక్సులకు ఎదురుగా నాట్యమాడు యువకులు తమ చెవులను తామే అరగదీసికొనుచున్నారు. 85 డెసిబెల్స్ మించిన చప్పుడులో రోజునకు 8 గంటలకు మించి గడుపుట చెవికి హానియని నిపుణుల నిర్ణయము. ఆపైన చప్పుడు 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారియు చెవి ఓర్వగల కాలము సగమగును.

మాటలు వినబడుట ఎట్టిది?

ఎదుట ఎవరును లేకుండ మాటలు వినబడుటను శ్రవణభ్రాంతి యందురు. ఇది వట్టి ఊహ కాదు. రోగికి ఆ మాట మన మాట ఎంత స్పష్టమో అంత స్పష్టముగా వినబడును. “నీకు ఏమియు వినబడుట లేదు, అబద్ధమాడుచున్నావు” అని అతనిని గద్దించుట అన్యాయము.

ఈ మాటలకు అర్థముండును, గొంతు ఉండును, తరచుగా ఆడదో మగవాడో, పిన్నయో పెద్దయో తెలియును. కొందరికి తాము చేయు పనిని ఎవరో ఎప్పటికప్పుడు చెప్పుచున్నట్లు వినబడును: “ఇప్పుడు లేచాడు, ఇప్పుడు నీళ్ళు తోడుతున్నాడు.” కొందరికి ఇద్దరు ముగ్గురు కూడి తమను గూర్చి వాదులాడుకొనుచున్నట్లు వినబడును. మరికొందరికి తిట్లును, బెదిరింపులును, ఆజ్ఞలును వినబడును. ఇట్టి లక్షణములను 1939లో జర్మను వైద్యుడు కర్ట్ ష్నైడర్ వివరించెను. స్కిజోఫ్రేనియా అను మనోవ్యాధి గలవారిలో చాలమందికి ఇవి యుండును.

మనిషి లోలోపల తనతో తాను మాటలాడుకొనుచుండును. ఆ మాట తనదేయని మెదడు గుర్తించుచుండును. ఈ గుర్తింపు తప్పినప్పుడు తన లోపలి మాటయే ఇతరుల మాటగా వినబడునని శాస్త్రజ్ఞులలో పలువురి అభిప్రాయము. 1993లో లండను పరిశోధకులు రోగులకు గొంతులు వినబడుచున్న సమయమున వారి మెదళ్ళను పరీక్షించి, మనము మాటలు కూర్చుకొనుటకు వాడు బ్రోకా అను భాగమునకు రక్తప్రసారము హెచ్చినట్లు కనుగొనిరి.

వినబడు మాటల తీరు దేశమును బట్టియు మారును. 2014లో వెలువడిన ఒక పరిశీలనలో అమెరికాలోని శాన్ మాటియో, ఆఫ్రికాలోని ఆక్రా, మన పొరుగున నున్న చెన్నై, ఈ మూడు చోట్లను 20 మంది చొప్పున రోగులను ప్రశ్నించిరి. చెన్నై రోగులలో పలువురు తమకు వినబడునవి తల్లి, అక్క, అత్తగారు మొదలగు బంధువుల గొంతులనియు, అవి ఇంటి పనులు చేయుమని, స్నానము చేయుమని చెప్పుచుండుననియు తెలిపిరి. కనుక గొంతు తెలిసినవారిది అయినంతమాత్రమునను, మంచి మాట చెప్పినంతమాత్రమునను అది జబ్బు కాదని అనుకొనరాదు.

అట్లని మాట వినబడిన ప్రతివారును మనోరోగులు కారు. నిద్ర పట్టబోవునప్పుడు ఎవరో పేరుపెట్టి పిలిచినట్లగుట చాలమందికి అనుభవమే. అయినవారు చనిపోయిన తరువాత కొన్నాళ్ళు వారి గొంతు వినబడుట కలదు. తీవ్ర జ్వరములోను, సారాయి అలవాటు ఒక్కసారిగా మానిన రెండు మూడు రోజులలోను మాటలు వినబడవచ్చును. ఇది వెంటనే ఆసుపత్రిలో చూపవలసిన స్థితి. వినికిడి తగ్గిన కొందరు వృద్ధులకు పాటలు, భజనలు ఎడతెగక వినబడును. ఇది చాలవరకు చెవిటితనము వలన కలుగునది గాని పిచ్చి కాదు.

ఇద్దరు సంగీతకర్తలు

ఈ భేదమును చరిత్రలోని రెండు ఉదాహరణములు చక్కగా తెలుపును. బెడ్రిచ్ స్మెతానా యను చెక్ దేశపు సంగీతకర్తకు 1874లో చెవులలో హోరు బయలుదేరి, ఆ సంవత్సరముననే వినికిడి పూర్తిగా పోయెను. అయినను అతడు 1876లో తన జీవితకథను సంగీతముగా కూర్చి, చివరి భాగములో తీగవాద్యముపై ఒక ఉచ్చస్వరమును సుదీర్ఘముగా నిలిపి, తన చెవిలో మ్రోగిన దానిని లోకమునకు వినిపించెను. ఆనాడు అతనికి ఆ ధ్వని తన చెవి జబ్బు అని తెలియును.

జర్మనీ సంగీతకర్త రాబర్ట్ షూమన్ కథ వేరు. 1854 ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి అతనికి ఒకే స్వరము ఎడతెగక వినబడజొచ్చెను. కొన్ని దినములకు అది సంగీతమయ్యెను. తరువాత దేవదూతల గొంతులు వినబడెను. ఆ వెనుక పిశాచముల బెదిరింపులు వినబడెను. ఫిబ్రవరి 27న అతడు రైను నదిలో దూకెను. పడవవారు రక్షించిరి. పిదప మానసిక వైద్యాలయమునకు పోయి, 1856లో అచ్చటనే మరణించెను. మొదట వినబడినది ఒక స్వరము మాత్రమే. అది గొంతులుగా మారుటకు రెండు వారములైన పట్టలేదు. ఆనాటికి ఈ జబ్బునకు మందు లేదు. మనోవ్యాధికి గుణమిచ్చిన మొదటి మందగు క్లోర్‌ప్రోమజైన్ 1952లో పారిస్ నగరమున వాడుకకు వచ్చినది. నేడు మనకు మందులు కలవు. కావలసినది సకాలములో గుర్తించుట.

భేదమును ఎట్లు తెలిసికొనవలెను?

కోలుకొన్న మనిషి “నాకేదో వినబడుచున్నది” అని చెప్పినప్పుడు ఇంటివారు ముందుగా శాంతముగా కూర్చుండి అడుగవలెను. “మళ్ళీ మొదలైందా?” అని అరచినచో అతడు రెండవసారి చెప్పడు. “ఏరా నాన్నా, ఎలా వినపడుతోంది? నాతో చెప్పు” అని తల్లి అడిగిన తీరు వేరు. ఆ మీద ఈ క్రింది ప్రశ్నలను ఒక్కొక్కటిగా వేయవలెను.

మొదటిది: వినబడునది చప్పుడా, మాటయా? ఈల, హోరు, గంట మ్రోత, కీచుమను కూత అయినచో చాలవరకు చెవిదే. పదములు, వాక్యములు వినబడినచో మనస్సుకు సంబంధించినదై యుండును. అన్ని గురుతులలోను ఇదియే ప్రధానమైనది.

రెండవది: ఎచ్చటినుండి వచ్చుచున్నది? హోరు గలవాడు తన కుడి చెవిలోననియో, ఎడమ చెవిలోననియో, తలలోననియో చెప్పును. మాటలు వినబడువాడు తరచు గోడ వెనుకనుండి, పెరటిలోనుండి, పొరుగింటినుండి అని చెప్పును. అయితే కొందరికి మాటలును తలలోననే వినబడును. కావున ఈ గురుతు ఒక్కదానినే నమ్మరాదు.

మూడవది: ఎప్పుడు హెచ్చుచున్నది? హోరు నిశ్శబ్దములోను, పడుకొనినప్పుడును, అలసినప్పుడును హెచ్చును. ఫంకా తిరుగుచున్నను, రేడియో మ్రోగుచున్నను తగ్గినట్లుండును. మాటలు మనస్సు కలతపడినప్పుడు, నిద్ర చెడినప్పుడు హెచ్చును. పాట వినుట వలనను, ఎవరితోనైన మాటలాడుట వలనను అవియు కొందరికి తగ్గును. ఇదియు సహాయపడు గురుతే గాని తీర్పు కాదు.

నాల్గవది: వినికిడి ఎట్లున్నది? ఎదుటివారు రెండుమార్లు చెప్పవలసి వచ్చుచున్నదా, చెవి దిబ్బడ వేసినదా, ఇటీవల పెద్ద చప్పుడులో పనిచేసెనా, క్రొత్త మందేదైన వాడెనా అని చూడవలెను. ఇవి యున్నచో చెవివైపు అనుమానము బలపడును.

ఐదవది: దానిని గూర్చి అతడేమనుకొనుచున్నాడు? “నా చెవికి ఏదో అయినది” అనుట ఒకటి. “ఎవరో చేతబడి చేసి పంపుచున్నారు, నా చెవిలో యంత్రము పెట్టినారు” అనుట వేరొకటి.

ఆరవది: తక్కిన దినచర్య ఎట్లున్నది? మూడు నాలుగు రాత్రులు నిద్రలేకపోవుట, అయినవారిపై అనుమానము, తనలో తాను గొణుగుకొనుట, నవ్వుకొనుట, స్నానభోజనములు మానుట, గదిలో తలుపు వేసికొని కూర్చుండుట మొదలగునవి తోడైనచో, వినబడునది హోరేయైనను మానసిక వైద్యునికి చూపవలసినదే. నిద్రాహారములు, పనిపాటలు మునుపటివలెనే సాగుచు, చెవిలో కూత మాత్రమే వినబడుచున్నచో ఆందోళన తక్కువ.

ఈ రెండును కలిసిన స్థితి

మరియొక స్థితి కలదు. దీనిని గుర్తించుట కష్టము. ఉదాహరణమునకు మిల్లులో పదేండ్లు పనిచేసిన ఒక యువకుని ఊహింతము. అతనికి మతి చలించి, మందులతో బాగుపడినది. కొన్ని నెలల పిదప చెవిలో కూత మొదలయ్యెను. ఆ కూత నిజముగా చెవి జబ్బే. కాని అతడు, “ఇది నాకొక సంకేతము, పైవారు నన్ను కనిపెట్టుచున్నారు” అని తలచుచున్నాడు. ఇచ్చట ధ్వని చెవిది; దానికి కట్టిన అర్థము జబ్బుది. ఇట్టివానికి ఇద్దరు వైద్యులును కావలెను. చెవి వైద్యుడు వినికిడిని పరీక్షించి, “ఇది నీ చెవిలోని కణములు చెడుటచే కలిగినది, దీనివలన ప్రాణభయము లేదు” అని వివరింపవలెను. మానసిక వైద్యుడు మందు మోతాదును సరిచూడవలెను. తొలిదశలో “ఇది హోరు మాత్రమే” అని గట్టిగా తెలిసికొనుట మనస్సునకు గొప్ప ఊరట. ఆ ఊరటయే అనేకులను కలతనుండి కాపాడును.

మందులను గూర్చియు ఒక మాట. మనోవ్యాధికి వాడు మందుల వలననే హోరు వచ్చినదని తలచి కొందరు వానిని మానివేయుదురు. కొన్ని మందులతో అరుదుగా హోరు రావచ్చును; నిద్రమందులను ఒక్కసారిగా మానినప్పుడును రావచ్చును. అయినను నిర్ణయించువాడు వైద్యుడు. మొదటిసారి జబ్బుపడి కోలుకొన్నవారు కనీసము ఒక సంవత్సరమైనను మందు కొనసాగింపవలెనని వైద్యుల సలహా. చాలమందికి అంతకంటె ఎక్కువ కాలము కావలసివచ్చును. నయమైనదని మధ్యలో మానినవారికే జబ్బు ఎక్కువగా తిరుగబెట్టును.

ఎచ్చట చూపవలెను?

ముందుగా దగ్గరి ప్రాథమికారోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను. చెవిలో దీపము వేసి చూచి, గులిమియో చీమో యున్నచో అతడే చెప్పగలడు. రక్తపు పోటును, రక్తహీనతను అచ్చటనే పరీక్షింతురు. ఆపైన కావలసినచో అమలాపురము ప్రాంతీయాసుపత్రికిగాని, కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రికిగాని పోవచ్చును. 1958లో స్థాపింపబడిన రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైన కాకినాడ ఆసుపత్రియందు చెవి ముక్కు గొంతు విభాగమును, మానసిక వైద్య విభాగమును రెండును ఒకే ఆవరణలో కలవు. చెవి వైద్యునితో “మునుపు మనోవ్యాధి వచ్చినది, ఈ మందులు వాడుచున్నాము” అని చెప్పుటకు సిగ్గుపడరాదు. మందు చీటీని వెంట తీసికొనిపోవలెను. విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు.

వైద్యునికడకు పోవుటకు ముందు ఒక వారము దినములు చిన్న పుస్తకములో వ్రాసికొనుట మంచిది: ఏ వేళ వినబడినది, ఏ చెవిలో, చప్పుడా మాటయా, ఎంతసేపు, ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టినది, మందు వేసికొనెనా లేదా. పది నిమిషముల సంభాషణలో తేలని విషయము ఈ వ్రాత వలన వైద్యునికి సులభముగా తేలును.

కొన్ని స్థితులలో వారము దినములు ఆగరాదు. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోవుట. ఒకే చెవిలో హోరుతోపాటు కన్ను తిరుగుట. హోరు నాడితో సమముగా కొట్టుకొనుట. ముఖము ఒకప్రక్క వంకరపోవుట. వీనిలో ఏది కనబడినను త్వరగా చెవి వైద్యుని చూడవలెను. హఠాత్తుగా వినికిడి పోయినప్పుడు మొదటి రెండు వారములలో వైద్యము మొదలుపెట్టినచో గుణము కనబడు అవకాశము హెచ్చు. ఇక, “చచ్చిపో” అనియో, “వానిని కొట్టు” అనియో ఆజ్ఞాపించు మాటలు వినబడుచున్నవని రోగి చెప్పినచో ఒక్క గడియయు ఆలసింపరాదు. అతనిని ఒంటరిగా విడువక, పురుగుమందులను, కత్తులను అందకుండ దాచి, 108 వాహనమును పిలిపించి ఆసుపత్రికి చేర్చవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభింపబడిన టెలీ మానస్ కేంద్రమునకు 14416 సంఖ్యతో ఫోను చేసినచో రాత్రింబవళ్ళు తెలుగులోనే ఉచితముగా సలహా లభించును.

హోరునకు మందేమి?

హోరును పూర్తిగా తుడిచివేయు మాత్ర నేటివరకు లేదు. కాబట్టి “మూడు సీసాలతో నయము” అను ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకొనరాదు. గులిమి, చీము, రక్తహీనత వంటి కారణములున్నచో వానిని సరిచేసిన హోరు తగ్గును. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము మేలుచేయును. బయటి మాటలు బాగుగా వినబడినకొలది లోపలి కూత వెనుకబడును. నిద్రవేళ గదిలో ఫంకా తిరుగుట, మెల్లగా పాట మ్రోగుట మంచిది. 1990లో జాస్ట్రబాఫ్ అను శాస్త్రజ్ఞుడు వివరించిన ప్రకారము, హోరును చూచి భయపడినకొలది మెదడు దానిని ప్రమాదముగా నెంచి మరింత శ్రద్ధతో వినును. భయము పోయినకొలది దానిని విస్మరించును. గోడ గడియారపు టిక్కుటిక్కును మనము వినుచుండియు విననట్లే యుండుదుము గదా! ఈ అలవాటును నేర్పుటకు మాటల ద్వారా చేయు చికిత్సయు కలదు.

చెవిలో కాగిన నూనె పోయుట, వెల్లుల్లి రసము పిండుట, పిన్నులతో, పుల్లలతో కెలకుట పనికిరావు. వీనివలన చెవిపొర చిరిగి, లేని జబ్బు కొనితెచ్చుకొన్నట్లగును. చప్పుడులో పనిచేయువారు చెవి బిరడాలు వాడవలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగ ప్రదేశములలో ధ్వనివర్ధకములను వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. ఉత్సవములకు పూనుకొను పెద్దలు దీనిని పాటించినచో ఊరిలోని పసిపిల్లల చెవులకును, కోలుకొనుచున్న రోగుల నిద్రకును మేలు చేసినవారగుదురు.

గ్రామస్థుల బాధ్యత

మాటలు వినబడువానిని దయ్యము పట్టినదని కొట్టుట, వేపమండలతో బాదుట, గొలుసులతో కట్టివేయుట కొన్నిచోట్ల జరుగుచుండెడిది. దీని ఫలితమెంత ఘోరమో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో లోకమునకు తెలిసినది. అచ్చట దర్గా సమీపమున నడుపబడిన ఒక ఆశ్రయములో నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 28 మంది మనోరోగులు పారిపోవు దారిలేక ఆహుతియైరి. 2018 మే 29న అమలులోనికి వచ్చిన 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోరోగిని ఏ విధముగానైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది. ప్రభుత్వము నడుపు లేదా ప్రభుత్వ నిధులతో నడచు సంస్థలలో మానసిక వైద్యము పొందుట ప్రతివాని హక్కని ఆ చట్టము చెప్పుచున్నది.

దైవభక్తికిని వైద్యమునకును విరోధము లేదు. ఏడు శనివారముల మ్రొక్కు తీర్చుకొనుట మనస్సునకు ధైర్యమిచ్చునచో తీర్చుకొనవచ్చును. కాని ఆ ఏడు వారములును మందు మానరాదు; వైద్యుడు రమ్మన్న తేదీని దాటవేయరాదు. మ్రొక్కు తీరువరకు చూతమని ఆగినచో, రెండు వారములలో తగ్గవలసిన జబ్బు రెండేండ్లు పీడింపవచ్చును.

గ్రామమునందలి ఆశా కార్యకర్తలును, ఉపాధ్యాయులును, పంచాయతీ సభ్యులును ఈ ఒక్క ప్రశ్నను గుర్తుంచుకొనిన చాలును: “వినపడేది చప్పుడా, మాటా?” చప్పుడైనచో చెవి వైద్యుని దారి చూపుడు, మాటయైనచో మానసిక వైద్యుని దారి చూపుడు, సందేహమున్నచో ఇద్దరికిని చూపింపుడు. కోలుకొన్న మనిషి తన చెవిలో వినబడుదానిని నిర్భయముగా చెప్పుకొనగల ఇల్లు, అతని మాటను నవ్వక వినగల వీధి ఉన్నచో, తిరుగబెట్టబోవు జబ్బు చాలవరకు మొదటనే పట్టుబడును. అట్టి ఇండ్లను, అట్టి వీధులను కల్పించుకొనుట మన చేతిలోనే యున్నది.